పానిక్ డిజార్డర్‌కు క్వెటియాపిన్ ఎందుకు? పరిశోధనలు చెప్పేది, మందుల స్ట్రిప్ చెప్పేది

మీ ప్రశ్న పొడుగ్గా ఉంది. చదివే ఇతరులకు కూడా అర్థం కావాలి కనుక ముందు సారాంశం చెబుతాను. మీ చెల్లెలికి 27 ఏళ్లు, తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో టీచరు. ఏడాది కిందట తిరుమలలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ కంపార్ట్‌మెంటులో కూర్చుని ఉండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, ఊపిరి ఆడలేదు, చేతులు తిమ్మిరెక్కాయి, ప్రాణం పోతోందనిపించింది. ఈసీజీ, ఎకో, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. 'గ్యాస్' అన్నారు. అప్పటి నుంచి గ్యాస్ క్యాప్సూలు మింగుతూనే ఉంది. అటాక్‌లు తగ్గలేదు సరికదా ఘాట్ రోడ్డు బస్సు, సినిమా హాలు, చివరికి బడిలో పొద్దుటి ప్రార్థన కూడా భయమైపోయాయి. రెండు నెలల కిందట మానసిక వైద్యుడు పానిక్ డిజార్డర్ అని చెప్పి ఎస్సిటాలోప్రామ్ అనే కుంగుబాటు మందు 10 మి.గ్రా., రాత్రికి క్వెటియాపిన్ 25 మి.గ్రా., అవసరమైతే క్లోనజెపామ్ 0.25 మి.గ్రా. రాశారు. ఇంటర్నెట్‌లో వెతికితే క్వెటియాపిన్ స్కిజోఫ్రీనియా మందు అని కనిపించింది. మీ అమ్మగారు ఏడుస్తున్నారు. పెళ్లి సంబంధాలు చూస్తున్న సమయం. అన్నీ ఒక్కసారిగా ఆపేద్దామా అని అడుగుతున్నారు. చివర్లో, ఏదో గుర్తొచ్చినట్టు, మూడు నెలలుగా నెలసరి రాలేదనీ, కూర్చుంటే కాళ్లు నిలవడం లేదనీ ఒక ముక్క రాశారు.

నా దృష్టిలో మీరు రాసినదంతటిలో ముఖ్యమైనది ఆ చివరి ముక్కే. దాని దగ్గరికి తప్పకుండా వస్తాను.

నేను తిరుపతిలో దశాబ్దాలుగా మానసిక వైద్యం చేస్తున్నాను. మీ చెల్లెలిని చూడలేదు, పరీక్షించలేదు. అందుకే కింద రాసేది చికిత్స కాదు, ఆమె వైద్యుడి ఎదుట కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలియడానికి మాత్రమే. ముందుగా మీ భయానికి జవాబు: క్వెటియాపిన్ రాసినంత మాత్రాన ఆ వైద్యుడు స్కిజోఫ్రీనియా అనుకున్నట్టు కాదు. ఆ జబ్బుకు ఈ మందును రోజుకు కొన్ని వందల మిల్లీగ్రాముల్లో ఇస్తాం. 25 మి.గ్రా. దాని దరిదాపుల్లో కూడా లేదు. రెండోది, మందులేవీ మీ అంతట మీరు ఆపకండి. ఇక మూడోది, మీరు అసలు అడిగినది: పానిక్ డిజార్డర్‌కు క్వెటియాపిన్ వర్గం మందులు, అంటే స్కిజోఫ్రీనియా వంటి తీవ్ర మానసిక రోగాలకు వాడే యాంటీసైకోటిక్ మందులు, పనిచేస్తాయని పరిశోధనల్లో రుజువు ఉందా? చాలా తక్కువ. ఉన్న కొద్దిపాటి రుజువు కూడా బలహీనం.

ఈ ప్రశ్న కొత్తది కాదు. క్లోర్‌ప్రోమజిన్ అనే తొలి యాంటీసైకోటిక్ మందు తీవ్ర మానసిక రోగాలకు పనిచేస్తుందని 1952లో పారిస్‌లో తేలిన తరువాత ప్రపంచమంతటా వైద్యులు దాన్ని కనిపించిన ప్రతి మానసిక బాధకూ వాడి చూశారు. ఆందోళన తీవ్రంగా ఉంటే మందు కూడా తీవ్రమైనదే కావాలన్నది అప్పటి తర్కం. న్యూయార్క్‌లోని హిల్‌సైడ్ ఆసుపత్రిలో డొనాల్డ్ క్లైన్ అనే వైద్యుడి దగ్గర కొందరు రోగులు ఉండేవారు. రోజుకు ఎన్నోసార్లు నర్సుల గదికి పరుగెత్తుకొచ్చి 'చచ్చిపోతున్నాను' అనేవారు. క్లోర్‌ప్రోమజిన్ వారికి మేలు చేయలేదు. అప్పుడే కొత్తగా వచ్చిన ఇమిప్రమిన్ అనే కుంగుబాటు మందు ఇచ్చి చూశారు. కొన్ని వారాల తరువాత రోగిని అడిగితే ఏమీ మారలేదన్నాడు. నర్సులు మాత్రం వేరే మాట చెప్పారు: ఆ పరుగులు ఆగిపోయాయి. లోపలి బెంగ ఇంకా అలాగే ఉంది, 'మళ్లీ వస్తుందేమో' అన్న భయమూ ఉంది. కానీ హఠాత్తుగా విరుచుకుపడే ఆ అటాక్‌లు పోయాయి.

క్లైన్, మాక్స్ ఫింక్‌తో కలిసి 1962లో ఒకటి, సొంతంగా 1964లో మరొకటి పత్రాలు ప్రచురించారు. మామూలు ఆందోళన వేరు, పానిక్ అటాక్ వేరు అన్న ఆలోచన అక్కడి నుంచి బలపడి, 1980లో అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తెచ్చిన మానసిక రుగ్మతల జాబితా డీఎస్ఎం-3లో పానిక్ డిజార్డర్‌కు విడిగా చోటు దక్కింది. ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఈ జబ్బుకు ఒక విడి పేరు రావడం వెనుకే, యాంటీసైకోటిక్ మందు లొంగదీయలేని బాధను మరో వర్గం మందు లొంగదీసిందన్న పరిశీలన ఉంది. 60 ఏళ్ల తరువాత కూడా మందుల చీటీల్లో ఆ పాత తర్కమే మళ్లీ తొంగిచూడటం నాకు విచిత్రంగానే ఉంటుంది.

తరువాతి పరిశోధనల సంగతి. కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు ఆందోళన రుగ్మతలకు పనిచేస్తాయా అని 2010లో, పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ ఒక సమీక్ష వేసింది. 11 అధ్యయనాలు, మొత్తం 4,144 మంది. సంఖ్య చూస్తే పెద్దదే, కానీ అందులో మూడు వేలకు పైగా మంది క్వెటియాపిన్ అధ్యయనాల వారు, వాటిలో ఎక్కువ భాగం జనరలైజ్డ్ యాంగ్జైటీ గురించి. అంటే రోజంతా, నెలల తరబడి, ప్రతి చిన్నదానికీ బెంగపడే జబ్బు. ఆ జబ్బులో క్వెటియాపిన్ ప్లాసిబో కంటే, అంటే మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేసింది. అయితే బరువు పెరగడం, మత్తు, దుష్ఫలితాల వల్ల మందు మానేయడం కూడా ఎక్కువే. కుంగుబాటు మందులతో పోలిస్తే ఫలితంలో తేడా లేదు, మధ్యలో మానేసినవారు మాత్రం ఎక్కువ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ క్వెటియాపిన్‌కు ఏ ఆందోళన రుగ్మతకూ ఆమోదం ఇవ్వలేదు. ఆ ఫలితాన్ని పానిక్ డిజార్డర్‌కు అరువు తెచ్చుకోవడం సరికాదు, ఎందుకంటే ఈ రెండూ వేరని చెప్పడంతోనే కదా కథ మొదలైంది.

పానిక్ డిజార్డర్ మీదనే నేరుగా జరిగినవి చిన్న అధ్యయనాలు. మామూలు మందులకు లొంగని పదిమందికి ఓలాంజపిన్ అనే యాంటీసైకోటిక్ మందు ఇచ్చి చూసినది ఒకటి 2005లో వచ్చింది. చాలామంది మెరుగుపడ్డారు. 2009లో తక్కువ మోతాదు రిస్పెరిడోన్‌ను (అదీ యాంటీసైకోటిక్కే) పారోక్సెటిన్ అనే కుంగుబాటు మందుతో పోల్చారు, 56 మంది. రెండు గుంపులూ మెరుగుపడ్డాయి, కానీ పోల్చడానికి ప్లాసిబో గుంపు లేదు, తాము ఏ మందు వాడుతున్నదీ రోగులకు తెలుసు. రిస్పెరిడోన్, అరిపిప్రజోల్‌లను పాత మందుకు జోడించి చూసినవి కూడా ఇలాంటివే: కొద్దిమంది, ప్లాసిబో లేదు.

ప్లాసిబో లేకపోతే ఏమవుతుంది అని మీరు అడగవచ్చు. పానిక్ డిజార్డర్‌లో చాలా అవుతుంది. ఈ జబ్బు దానంతట అదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బాగా ముదిరిన వారంలోనే మనిషి ఆసుపత్రికి వస్తాడు, ఆ తరువాత ఏ మందూ లేకపోయినా కొంత తగ్గే అవకాశం ఉంది. దానికి తోడు వైద్యుడు చేయి పట్టుకుని 'ఇది గుండెపోటు కాదమ్మా' అని చెప్పడమే సగం మందు. ప్లాసిబో తీసుకున్నవారిలో కూడా గణనీయమైన మెరుగుదల కనిపించే జబ్బు ఇది. కాబట్టి పదిమందిలో ఎనిమిదిమందికి నయమైందని ఒక పత్రం చెబితే, అందులో మందు వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు.

సరిగ్గా ఆ లోటు తీర్చడానికే క్వెటియాపిన్ మీద ప్లాసిబోతో పోల్చిన ఒక అధ్యయనం 2015లో వెలువడింది. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందులకు సరిగా స్పందించని పానిక్ రోగులను తీసుకున్నారు. ఆ మందుకు తోడు కొందరికి నెమ్మదిగా విడుదలయ్యే క్వెటియాపిన్, మిగిలినవారికి ప్లాసిబో 8 వారాలు ఇచ్చారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగిన తేడా రాలేదు. 26 మందితో జరిగిన చిన్న అధ్యయనం కనుక ఇదే చివరి మాట అనను. కానీ మీ చెల్లెలి చీటీలో ఉన్న జోడీకి అతి దగ్గరగా వచ్చే పరీక్ష ఇదే, అది కూడా ఆ జోడీకి అనుకూలంగా రాలేదు.

ఇంగ్లండ్‌లో వైద్యులు పాటించే నైస్ సంస్థ 2011 మార్గదర్శకం ఇంకా సూటిగా ఉంటుంది. పానిక్ డిజార్డర్ చికిత్సకు యాంటీసైకోటిక్ మందులు రాయకూడదు, మత్తునిచ్చే అలర్జీ మందులు రాయకూడదు, అల్ప్రజొలామ్ తరహా మందులు కూడా రాయకూడదని అందులో ఉంది. చివరి మాట విషయంలో మన దేశంలోనూ, అమెరికాలోనూ వైద్యులు అంత కఠినంగా ఉండరు. మొదటి కొన్ని వారాల ఇబ్బంది దాటడానికి ఆ తరహాకే చెందిన క్లోనజెపామ్ కొద్దిగా వాడతాం. మొదటి మాట మీద మాత్రం నాకు వారితో పేచీ లేదు.

మరి మీ వైద్యుడు ఎందుకు రాశారు? ఆయన మనసులో ఏముందో ఆయన్నే అడగాలి. నా ఊహ నిద్ర గురించి. 25 మి.గ్రా. దగ్గర క్వెటియాపిన్ మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని (యాంటీసైకోటిక్ మందులు అడ్డుకునేది దీన్నే) దాదాపు తాకదు. మెలకువగా ఉంచే హిస్టమిన్ అనే మరో రసాయనాన్ని అడ్డుకుని నిద్ర తెప్పిస్తుంది. క్లోనజెపామ్‌కు అలవాటు పడతారేమోనన్న జాగ్రత్తతో చాలామంది వైద్యులు రాత్రిపూట దీన్ని ఎంచుకుంటారు. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను, ఎంపికతోనే నాకు పేచీ. ఈ మందు రక్తనాళాలను బిగించే ఆల్ఫా గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది. పొద్దున మంచం మీద నుంచి గబుక్కున లేస్తే రక్తపోటు పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి, దాన్ని సరిచేయడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది. మామూలు మనిషికి అది ఒక నిమిషం చిరాకు. గుండె కాస్త వేగం పెరిగితే చాలు 'మళ్లీ మొదలైంది' అని హడలిపోయే మనిషికి అది అటాక్‌కు తలుపు తెరవడమే. దానికి తోడు ఆకలి, బరువు, చక్కెర. మన ఇళ్లలో అమ్మకో నాన్నకో షుగరు ఉండటం మామూలైపోయింది. ఈ వర్గం మందు నెలల తరబడి వాడేటప్పుడు మొదట్లోనే బరువు, నడుము చుట్టుకొలత, రక్తపోటు, పరగడుపు చక్కెర, కొవ్వులు చూసి, మూడు నెలలకు మళ్లీ చూడాలని 2004లోనే అమెరికా మధుమేహ సంఘం, మానసిక వైద్యుల సంఘం కలిసి చెప్పాయి. మోతాదు చిన్నదే కదా అని ఆ పరీక్షలు ఎగ్గొట్టకూడదు.

ఇప్పుడు మీ చివరి ముక్క దగ్గరికి వద్దాం. మూడు నెలలుగా నెలసరి లేదు, కాళ్లు నిలవడం లేదు. క్వెటియాపిన్, ఎస్సిటాలోప్రామ్ మొదలై రెండు నెలలే. పైగా ఈ వర్గంలో ప్రొలాక్టిన్ అనే హార్మోనును (ఇది పెరిగితే నెలసరి తప్పుతుంది) అతి తక్కువగా పెంచే మందుల్లో క్వెటియాపిన్ ఒకటి. కాబట్టి నెలసరి ఆగడానికి నేను ముందు దాన్ని అనుమానించను. ఇంట్లో ఆ గ్యాస్ క్యాప్సూలు స్ట్రిప్ తీసి వెనక వైపు సన్నని అక్షరాలు చదవండి. రబెప్రజోల్ లేదా పాంటోప్రజోల్ లేదా ఎసోమెప్రజోల్ అని ఉంటుంది. దాని పక్కన 'లెవోసల్పిరైడ్ 75 మి.గ్రా.' అని కూడా ఉందేమో చూడండి.

ఉంటే, మీరు ఇంటర్నెట్‌లో చూసి భయపడిన వర్గం మందును మీ చెల్లెలు క్వెటియాపిన్ కంటే ఎన్నో నెలల ముందు నుంచే, గ్యాస్ పేరుతో వాడుతోందన్నమాట. లెవోసల్పిరైడ్ అనేది సల్పిరైడ్ అనే పాత యాంటీసైకోటిక్ మందులో ఒక భాగం. డోపమైన్‌ను అడ్డుకుంటుంది. పొట్ట త్వరగా ఖాళీ అవుతుంది కనుక అజీర్తికి ఇస్తారు. కానీ అది ప్రొలాక్టిన్‌ను బాగా పెంచుతుంది. నెలసరి తప్పడం, రొమ్ముల్లో నొప్పి, పెళ్లి కాని అమ్మాయిలకు కూడా పాలు కారడం ఇందువల్ల జరుగుతాయి. పెద్ద వయసువారిలో వణుకు, నడక నెమ్మదించడం వస్తాయి, దాన్ని పార్కిన్సన్స్ జబ్బు అనుకుని చికిత్స మొదలుపెట్టడం కూడా జరుగుతుంది. వయసుతో సంబంధం లేకుండా కొందరిలో కాళ్లలో ఒక స్థిమితం లేనితనం వస్తుంది. కూర్చోలేరు, నిలబడలేరు, అటూ ఇటూ తిరగాలనిపిస్తుంది. దాన్ని మేము అకథీసియా అంటాం.

అకథీసియా మీద కాస్త ఆగుతాను, ఎందుకంటే ఈ కథలో ఎక్కువ మోసం చేసేది ఇదే. బయటి నుంచి చూస్తే అచ్చం ఆందోళనలాగే ఉంటుంది. రోగి కూడా 'లోపల ఒకటే కంగారుగా ఉందండీ' అనే చెబుతాడు. విన్నవారు జబ్బు ముదిరిందనుకుని డోపమైన్‌ను అడ్డుకునే మందునే ఇంకాస్త పెంచుతారు, అకథీసియా ఇంకా పెరుగుతుంది. తేడా పట్టుకోవడానికి నేను అడిగేది ఒకటే: కంగారు గుండెలో మొదలవుతోందా, కాళ్లలోనా? పానిక్ అటాక్ అలలా వచ్చి కొన్ని నిమిషాల్లో తారస్థాయికి చేరి దిగిపోతుంది. అకథీసియా గంటల తరబడి అలాగే ఉంటుంది, నడిస్తే కాసేపు ఊరట. అయితే మీ చెల్లెలి విషయంలో లెవోసల్పిరైడ్ ఒక్కటే అనుమానితురాలు కాదు. ఎస్సిటాలోప్రామ్ కూడా మొదటి వారాల్లో ఇలాంటి అలజడి తెస్తుంది. రాత్రిపూట పడుకున్నప్పుడే కాళ్లు లాగుతుంటే ఇనుము లోపం కావచ్చు, క్వెటియాపిన్ కూడా ఆ బాధను పెంచగలదు. అందుకే ప్రొలాక్టిన్, థైరాయిడ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్షలు అడగండి. నెలసరి తప్పిన ఏ అమ్మాయికైనా గర్భ పరీక్ష కూడా చేయిస్తారు. అది వైద్యంలో రివాజు, దాన్ని అవమానంగా తీసుకోకండి.

ఇలాంటి దొడ్డిదారులు ఇంకా ఉన్నాయి. పానిక్ అటాక్‌లో కళ్లు తిరుగుతాయి కనుక తలతిరుగుడు మాత్రగా ప్రోక్లోర్‌పెరజిన్ రాస్తారు. అది కూడా పాత యాంటీసైకోటిక్కే. రెండు మూడు రోజులకు పర్వాలేదు. మెడికల్ షాపులో పాత చీటీ చూపించి నెలల తరబడి కొనుక్కుంటే అదే అకథీసియా, అదే వణుకు. 'నరాల బలహీనత'కు పాత తరం వైద్యులు రాసే జోడీ మాత్రల్లో ట్రైఫ్లుఓపెరజిన్ ఉంటుంది. ఆందోళనకు వాడితే రోజుకు 6 మి.గ్రా. మించకూడదు, 12 వారాలు దాటకూడదు అని ఆ మందు అమెరికా లేబులు మీదే ఉంది. కారణం, ఎక్కువకాలం వాడితే నోరు, నాలుక వాటంతట అవే కదిలే టార్డివ్ డిస్కినీషియా రావచ్చు, మందు ఆపినా అది కొందరిలో పోదు. ఫ్లుపెంటిక్సాల్, మెలిట్రసెన్ కలిపిన మాత్ర మన దగ్గర ఒకప్పుడు విరివిగా రాసేవారు. దాన్ని తయారుచేసే కంపెనీ సొంత దేశమైన డెన్మార్క్‌లో అమ్మకం లేని మందు ఇక్కడ ఎలా అమ్ముతున్నారని 2012లో పార్లమెంటరీ స్థాయీ సంఘం నిలదీసింది, 2013లో కేంద్రం దాని అమ్మకాన్ని నిలిపివేసింది.

యాంటీసైకోటిక్ మందులంటేనే చెడ్డవని నేను అంటున్నానని మాత్రం అనుకోకండి. స్కిజోఫ్రీనియాలో, విపరీతమైన హుషారు, కుంగుబాటు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బులో అవి జీవితాలను నిలబెడతాయి. అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ వేధించే ఓసీడీలో మొదటి మందు చాలనప్పుడు రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ తోడుగా వాడటానికి మంచి ఆధారం ఉంది. పానిక్ అటాక్‌లతో పాటు బైపోలార్ లక్షణాలు ఉన్నాయని మీ వైద్యుడికి అనుమానం ఉంటే క్వెటియాపిన్‌కు అర్థం ఉంది. అప్పుడు ఉత్త ఎస్సిటాలోప్రామ్ ఇవ్వడమే ప్రమాదం కావచ్చు. ఇంట్లో ఎవరికైనా అలాంటి జబ్బు ఉందా, మీ చెల్లెలికి ఎప్పుడైనా నిద్ర అక్కర్లేకుండా రోజుల తరబడి విపరీతమైన హుషారు వచ్చిందా అన్నది తప్పకుండా చెప్పండి. అన్ని మార్గాలూ ప్రయత్నించాక కూడా లొంగని పానిక్ డిజార్డర్‌లో నిపుణులు ఒక ప్రయత్నంగా వాడటం వేరే సంగతి. మీ చెల్లెలు ఇంకా మొదటి మెట్టు మీదే ఉంది.

ఆ మొదటి మెట్టు గట్టిదే. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, పారోక్సెటిన్ వంటి మందులు పానిక్ డిజార్డర్‌కు బాగా పరీక్షించినవి. చిక్కల్లా ఆరంభంలో. మొదటి పది పదిహేను రోజులు ఇవి అలజడిని పెంచవచ్చు. అందుకే ఎస్సిటాలోప్రామ్‌ను 5 మి.గ్రా.తో మొదలుపెట్టి పెంచుతాం. ఆ పదిహేను రోజుల్లోనే 'ఈ మందు పడలేదు' అని మానేసేవారు నా దగ్గర చాలామంది. ఫలితం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, పూర్తిగా తేలడానికి 12 వారాలు పడుతుంది. రెండు నెలలు గడిచాయి కనుక మీ చెల్లెలికి ఎంత తగ్గిందో ఇప్పుడు లెక్క చూడవచ్చు. 12 వారాలకూ చాలకపోతే మోతాదు, మరో మందు, ఆ తరువాత క్లైన్ నాటి ఇమిప్రమిన్ ఇప్పటికీ ఉంది. తగ్గాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది వాడి, మెల్లగా తగ్గిస్తూ ఆపాలి.

మందుతో సమానంగా పనిచేసేది కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ. డేవిడ్ క్లార్క్ అనే బ్రిటిష్ మనస్తత్వవేత్త 1986లో చెప్పిన సూత్రం దాని వెన్నెముక: గుండె కొట్టుకోవడం జబ్బు కాదు, 'ఇది గుండెపోటే' అని మనసు చదవడం జబ్బు. ఆ చదువును మార్చడానికి, భయపడే అనుభూతిని కావాలనే తెప్పించి చూపిస్తారు. ఒక నిమిషం వేగంగా ఊపిరి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది. కంపార్ట్‌మెంటులో మీ చెల్లెలికి జరిగినదే ఇక్కడ ఒక కుర్చీలో, తన చేతులతో తానే తెప్పించుకుని, తనంతట అది తగ్గడం చూస్తుంది. నాలుగైదు సార్లు చూశాక దాని పదును పోతుంది. తరువాత మెట్లు ఎక్కించడం. గుండె వేగంగా కొట్టుకోవడానికి తిరుపతిలో మెట్లకు కొరత లేదు. ఇంటి మేడమెట్లతో మొదలుపెట్టి, కుదిరాక శ్రీవారి మెట్టు దారిలో కొన్ని మెట్లు. ఆ దారిలో 2,388 మెట్లు ఉన్నాయి, అన్నీ ఎక్కమని ఎవరూ అనడం లేదు. ఆ తరువాత గోవిందరాజస్వామి గుడి దగ్గర రద్దీ, ఆ తరువాత ఘాట్ రోడ్డు బస్సు. మూసిన కంపార్ట్‌మెంటు అన్నిటికంటే చివర. మొక్కు తీర్చాలని అమ్మగారు తొందరపెడుతున్నారని రాశారు. స్వామి దర్శనం వద్దనను, కానీ మొదటి పరీక్షగా దాన్నే పెట్టకండి. ఈ క్రమమంతా చికిత్సకుడి పర్యవేక్షణలో సాగాలి, ఉబ్బసం, గుండెజబ్బు, గర్భం ఉన్నవారు ముందే చెప్పాలి. ఇంకో మాట. పర్సులో ఎప్పుడూ ఉండే క్లోనజెపామ్ మాత్ర మింగకపోయినా తాయెత్తులా పనిచేస్తుంది. అది ఉంది కనుకే గండం గడిచిందని మనసు నమ్ముతుంది. కొన్నాళ్లకు దాన్ని ఇంట్లో వదిలి వెళ్లడం కూడా చికిత్సలో భాగమే.

ఈ థెరపీ చేసే క్లినికల్ సైకాలజిస్టులు మన వైపు తక్కువే. తిరుపతి రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడ అడగండి. మీరుండే చిత్తూరుకు వేలూరు దగ్గరే, సీఎంసీ వారి మానసిక వైద్య కేంద్రం బాగాయంలో ఉంది.

పెళ్లి గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పానిక్ డిజార్డర్ పెళ్లికి అడ్డు కాదు. దాచిపెట్టి చేసిన పెళ్లిలో, మందు ఎవరి కంటా పడకూడదని అమ్మాయి ముహూర్తానికి వారం ముందు మాత్రలు ఆపేయడం, పెళ్లి పీటల మీద అటాక్ రావడం నేను విన్న కథ కాదు, చూసిన సంగతి. గర్భం ఆలోచన ఉన్నప్పుడు ఏ మందు ఉంచాలో వైద్యుడు ముందుగానే సర్దుతారు. అప్పుడు కూడా సొంతంగా ఆపడం ఉండదు.

ఇప్పుడు చేయవలసింది. గ్యాస్ క్యాప్సూలుతో సహా ఇంట్లో ఉన్న అన్ని స్ట్రిప్పులూ ఒక సంచిలో వేసుకుని ఈ వారంలోనే మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. గ్యాస్ మందు సంగతి ఆయనకు తెలియకపోవడమే ఎక్కువ సాధ్యం, ఎందుకంటే దాన్ని మందుగా ఎవరూ లెక్కలో వేయరు. లెవోసల్పిరైడ్ ఉంటే దాన్ని ఎలా ఆపాలో, నిజంగా పొట్ట సమస్య ఉంటే వేరే ఏది వాడాలో అడగండి. దాని బదులు డొంపెరిడోన్ (వాంతులకు, అజీర్తికి ఇచ్చే మందు) ఉంటే అది మెదడులోకి పెద్దగా వెళ్లదు, కానీ ప్రొలాక్టిన్‌ను అదీ పెంచుతుంది. పైగా ఎస్సిటాలోప్రామ్, క్వెటియాపిన్, డొంపెరిడోన్ మూడూ గుండె విద్యుత్ లయను కొద్దికొద్దిగా సాగదీసేవే కనుక ఒక ఈసీజీ తీయించమనండి. తరువాత క్వెటియాపిన్ గురించి మూడు ప్రశ్నలు: దేని కోసం రాశారు, ఎంతకాలం, ఎలా తగ్గిస్తారు? 'నిద్ర కోసం' అన్నది జవాబైతే తగ్గించే తేదీ కూడా అప్పుడే రాయించుకోండి. ఎస్సిటాలోప్రామ్ హఠాత్తుగా ఆపితే తల తిరగడం, చిరాకు, కరెంటు కొట్టినట్టు ఉండటం వస్తాయి. క్లోనజెపామ్ రోజూ వాడుతుండి ఆపితే అటాక్‌లు రెట్టింపుగా తిరిగి రావచ్చు. అందుకే ఏది ముందు, ఏది తరువాత అన్నది ఆయన చేతే చెప్పించుకోవాలి. గదిలో మాట్లాడవలసింది మీ చెల్లెలు. మీరు సంచి పట్టుకుని పక్కన కూర్చోండి, అడిగితే చెప్పండి.

ఈలోగా స్పృహ తప్పి పడిపోవడం, ఒళ్లు కాలిపోయే జ్వరంతో కండరాలు బిగుసుకుపోవడం కనిపిస్తే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని తాను చెప్పినా అంతే, ఒంటరిగా వదలకండి. అర్ధరాత్రి ఎవరితోనైనా తెలుగులో మాట్లాడాలనిపిస్తే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా అందుబాటులో ఉంటుంది.